ప్రయోగం మొదలయ్యేది ప్రకటన దగ్గరే

1971 వేసవిలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో స్థానిక పేపర్లో ఒక చిన్న ప్రకటన పడింది. జైలు జీవితం మీద సైకాలజీ అధ్యయనం చేస్తున్నాం, కాలేజీ చదివే మగపిల్లలు కావాలి, రోజుకి 15 డాలర్లు, ఒకటి రెండు వారాల పని, ఇంతే సంగతి. డెబ్బై మందికి పైగా ముందుకొచ్చారు. పరీక్షలు పెట్టి, ఇంటర్వ్యూలు చేసి, అందరిలాంటి మామూలు కుర్రాళ్లు అనిపించిన 24 మందిని తీసుకుని, ఎవరు ఖైదీ ఎవరు కాపలావాడు అన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైకాలజీ విభాగం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు కట్టారు. రెండు వారాలు నడపాలనుకున్నది ఆరు రోజులకే ఆపేయాల్సి వచ్చింది, కాపలావాళ్ల వేధింపులు అంత దూరం వెళ్లాయి, ఖైదీల్లో కొందరు మానసికంగా కుప్పకూలారు. దీన్ని నడిపిన ఫిలిప్ జింబార్డో చెప్పిన సారాంశం ఇప్పటికీ సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది: మామూలు మనుషుల్ని చెడ్డ పరిస్థితిలో పడేస్తే చెడ్డగా మారతారు, తప్పు మనిషిది కాదు, పరిస్థితిది.

సరే. కానీ ఈ కథలో అందరూ దాటేసి పోయే చోటు ఒకటుంది. ఆ ప్రకటన చదివి, జైలు అన్న మాట చూసి కూడా, "ఇదేదో బాగుందే, వెళ్దాం" అనుకున్నది ఎవరు?

36 ఏళ్ల తర్వాత, 2007లో, వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీకి చెందిన థామస్ కార్నహాన్, శామ్ మెక్‌ఫార్లండ్ ఈ ప్రశ్ననే పరీక్షకి పెట్టారు. వాళ్లు చేసిన పని చాలా తేలికైనది, ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదేం అనిపించేంత తేలికైనది. కాలేజీ పత్రికల్లో రెండు రకాల ప్రకటనలు వేశారు. ఒకటి దాదాపు 1971 నాటి మాటలతోనే, డబ్బు మాత్రం ఈ కాలానికి తగ్గట్టు 70 డాలర్లు చేసి. రెండోది అచ్చం అదే, కాకపోతే "జైలు జీవితం మీద" అన్న ముక్క తీసేసి, ఊరికే సైకాలజీ అధ్యయనం అని. రెండింటికీ వచ్చినవాళ్లకి వ్యక్తిత్వ పరీక్షలు పెట్టారు. జైలు ప్రకటన చూసి వచ్చినవాళ్లలో దూకుడు ఎక్కువ, పెత్తనం పట్ల మొగ్గు ఎక్కువ, పని జరగాలంటే ఎవరినైనా వాడుకోవచ్చు అనే తత్వం ఎక్కువ, తన గురించి తనకి గొప్ప ఎక్కువ, పైవాడు పైన కిందవాడు కింద ఉండాలి అనే నమ్మకం కూడా ఎక్కువే. తక్కువగా ఉన్నవేంటంటే, ఎదుటివాడి బాధ అర్థం చేసుకునే గుణం, లాభం చూసుకోకుండా సాయం చేసే గుణం.

ఒక్క మాట తేడా, అంతే. ప్రకటనలో జైలు అన్న ఒక్క మాట.

దీంతో స్టాన్‌ఫర్డ్ ప్రయోగం గుట్టు మొత్తం రట్టయిందని అనుకుంటే తొందరపాటే. 2007లో వచ్చిన గుంపులు చిన్నవి, కాలం వేరు, విద్యార్థులు వేరు, పైగా 1971లో తీసుకున్నవాళ్లు పరీక్షల్లో మామూలుగానే తేలారు కదా అని జింబార్డో వైపు నుంచి జవాబు కూడా వచ్చింది. కాపలావాళ్లు ఎలా ప్రవర్తించాలో వాళ్లకి ముందే సూచనలు అందాయని తర్వాత బయటపడిన రికార్డుల్ని బట్టి మరో విమర్శ ఉంది, అది నిజానికి ఇంతకంటే బరువైనది. కానీ కార్నహాన్, మెక్‌ఫార్లండ్ వేసిన ప్రశ్న జైలు ప్రయోగంతో ఆగిపోయేది కాదు. మనుషుల గురించి సైకాలజీ చెప్పే ప్రతి మాటా, వస్తామని ఒప్పుకుని వచ్చినవాళ్ల మీద చూసి చెప్పిందే. రానివాళ్ల సంగతేంటి?

బొమ్మా బొరుసూ వేశాం కాబట్టి పక్షపాతం లేదు అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. అది సగమే నిజం. లోపలికొచ్చిన 24 మందిలో ఎవరు ఏ వైపు అన్నది నాణెం తేల్చింది, అందువల్ల కాపలావాళ్లకీ ఖైదీలకీ మొదట్లో పెద్ద తేడా ఉండకపోవచ్చు. కానీ గుమ్మం దగ్గర ఎవరూ నాణెం ఎగరెయ్యలేదు. ఎవరు గుమ్మం ఎక్కాలన్నది వాళ్ల వాళ్ల స్వభావమే తేల్చింది. మే నెలలో చలివేంద్రం పక్కన కూర్చుని, అక్కడికొచ్చినవాళ్లని అడిగి, ఊళ్లో జనానికి ఎంత దాహం ఉందో లెక్క కట్టినట్టుంటుంది. లెక్కలో ఎక్కడా తప్పు ఉండదు, కూడికలు తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉంటాయి, లెక్క ఊరిది కాకపోవడమే తప్పు.

ఇలా తనంతట తాను ముందుకొచ్చేవాణ్ని సైకాలజీలో వాలంటీర్ అంటారు, కానీ ఆ మాటతో చిన్న ఇబ్బంది ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ అనగానే 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లు, ఇంటికే తెచ్చిచ్చిన పెన్షన్ గుర్తొస్తాయి. స్వచ్ఛంద సేవకుడు అంటే పుష్కరాల్లో నీళ్ల ప్యాకెట్లు పంచేవాడు కళ్ల ముందుకొస్తాడు. సైకాలజీలో వాలంటీర్ ఈ రెండూ కాదు. తన మనసునో, ప్రవర్తననో, ఓ గంట సమయాన్నో పరిశోధకుడి ముందు పెట్టడానికి ఒప్పుకున్న మనిషి, అంతవరకే.

ఈ మనిషి ఎలాంటివాడు అన్నదాని మీద అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్, రాల్ఫ్ రోస్నో అనే ఇద్దరు ఏళ్ల తరబడి పనిచేసి, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి, 1975లో ఒక పుస్తకం తెచ్చారు. వాళ్లు బాగా గట్టిగా చెప్పగలిగినవి ఇవి: ముందుకొచ్చేవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ చదువుకున్నవాళ్లు, సమాజంలో కాస్త పై మెట్టు మీదున్నవాళ్లు, తెలివి పరీక్షల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాళ్లు, నలుగురితో కలిసేవాళ్లు, నలుగురూ మెచ్చుకోవాలని కోరుకునేవాళ్లు. ఇంకొంచెం తక్కువ నమ్మకంతో చెప్పినవాటిలో, ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువగా ముందుకొస్తారనీ, కొత్త అనుభవం కోసం వెతుక్కునేవాళ్లు, గీత దాటడానికి వెనకాడనివాళ్లు, పెత్తందారీ ధోరణి తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువగా వస్తారనీ ఉంది. ఈ జాబితా ఎక్కువగా అమెరికా కాలేజీ పిల్లల మీద తయారైంది కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు కర్నూలుకో కరీంనగర్‌కో తెచ్చి అతికించడం కుదరదు.

పై జాబితాలో మెచ్చుకోలు అనే ముక్క దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. మెచ్చుకోలు కోరుకునే మనిషి ప్రయోగానికి రావడం ఒక ఎత్తు, వచ్చాక పరిశోధకుడికి ఏం కావాలో కనిపెట్టి అదే ఇవ్వాలని చూడడం ఇంకో ఎత్తు. 1962లో మార్టిన్ ఓర్న్ అనే సైకియాట్రిస్టు రాసిన ఒక వ్యాసంలో దీనికి సంబంధించిన సంగతి ఒకటుంది, చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆయనకి ఎవరైనా సరే విసుగొచ్చి "ఇక నా వల్ల కాదు" అని లేచిపోయే పని ఒకటి కావాలి. దాంతో ఒక్కో కాగితం మీద 224 కూడికలున్న కాగితాలు రెండు వేలు ముందు పెట్టి, చేతి గడియారం తీసేసుకుని, చేస్తూ ఉండండి, మళ్లీ వస్తాను అని చెప్పి వెళ్లిపోయారు. అయిదున్నర గంటల తర్వాత కూడా కూర్చున్నవాళ్లు లెక్కలు చేస్తూనే ఉన్నారు, చివరికి విసిగిపోయింది ప్రయోగం చేసేవాళ్లే. ఇంకో అడుగు ముందుకేసి, కాగితం నింపగానే దాన్ని కనీసం 32 ముక్కలుగా చించేసి తర్వాతది మొదలుపెట్టాలి అన్నారు. అయినా గంటల తరబడి చేశారు, పెద్దగా కోపం కూడా తెచ్చుకోలేదు. అడిగితే, ఇదేదో ఓపిక పరీక్ష అయుంటుందని వాళ్లే ఒక అర్థం కల్పించుకున్నారు.

ఇది మనిషి స్వభావమా, లేక ప్రయోగానికి రావడానికి ఒప్పుకున్న మనిషి స్వభావమా? రెండింటినీ విడదీసే దారి ఆ గదిలో లేదు. ఒప్పుకోనివాడు ఆ గదిలో లేడు కదా.

ఈ రోజుల్లో వ్యక్తిత్వాన్ని ఎక్కువగా అయిదు కొలతల్లో చూస్తారు: కొత్తదనం పట్ల ఆసక్తి, క్రమశిక్షణ, కలుపుగోలుతనం, ఎదుటివాళ్లతో సర్దుకుపోయే గుణం, ఆందోళనకి లోనయ్యే గుణం. జర్మనీకి చెందిన బెర్న్డ్ మార్కుస్, ఆస్ట్రిడ్ షూట్జ్ 2005లో ఒక తెలివైన పని చేశారు. సర్వేకి జవాబివ్వనివాళ్ల స్వభావం తెలుసుకోవడం ఎలా, వాళ్లు జవాబే ఇవ్వరు కదా అన్న చిక్కుముడిని వాళ్లు పక్కదారిలో విప్పారు. సొంత వెబ్‌సైట్లున్నవాళ్లని ఎంచుకుని, వాళ్లకి సర్వే పంపి, జవాబిచ్చినవాళ్ల వెబ్‌సైట్లూ ఇవ్వనివాళ్ల వెబ్‌సైట్లూ వేరేవాళ్లకి చూపించి, ఈ సైటు నడిపే మనిషి ఎలాంటివాడనిపిస్తోంది అని అడిగారు. జవాబిచ్చినవాళ్లు సర్దుకుపోయే గుణంలో, కొత్తదనం పట్ల ఆసక్తిలో పైన కనిపించారు. ఇది మనం మామూలుగా ఊహించేదే. అడిగితే కాదనలేనివాడు, "ఏముందో చూద్దాం" అనుకునేవాడు ఫారం నింపుతారు, మిగతావాళ్లు పక్కకి తోసేస్తారు.

పక్కకి తోసేసేవాళ్లంతా ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటు. ఆఫీసుల్లో ఉద్యోగుల సర్వేలు చేసే పరిశోధకులు గమనించిన తేడా ఇది. చేద్దాంలే అనుకుని మర్చిపోయేవాళ్లు ఒక రకం, "నేను చెయ్యను" అని గట్టిగా నిర్ణయించుకున్నవాళ్లు ఇంకో రకం. మొదటి రకం సంస్థ పట్ల అభిప్రాయంలో జవాబిచ్చినవాళ్లకి పెద్ద తేడాగా ఉండరు. రెండో రకం సంఖ్యలో తక్కువే కానీ, అసలు అసంతృప్తి ఉన్నది వాళ్లలోనే. అంటే ఉద్యోగులు సంతోషంగా ఉన్నారా అని అడిగే సర్వే, సంతోషంగా లేనివాళ్లలో కొందరిని బయటే వదిలేసి ఫలితం చెబుతుంది. మేనేజ్‌మెంట్‌కి ఇది నచ్చకపోవడానికి కారణం లేదు.

ఇంతవరకు చదివితే ముందుకొచ్చే మనిషంటే మంచివాడు, కలుపుగోలువాడు, చదువుకున్నవాడు అనే ఒక బొమ్మ కడుతుంది. ఈ బొమ్మ నిలబడదు. జైలు ప్రకటనకి వచ్చినవాళ్లు దీనికి పూర్తి వ్యతిరేకం కదా. ప్రయోగం మారితే వచ్చే మనిషి మారతాడు, స్వచ్ఛందంగా వచ్చేవాడి స్వభావం అని విడిగా ఒకటి లేదు. ఈ ప్రకటనకి వచ్చినవాడి స్వభావం, ఆ ప్రకటనకి వచ్చినవాడి స్వభావం, ఇలా ఎన్ని ప్రకటనలో అన్ని ఉన్నాయి. ఈ విషయం మీద రాసేవాళ్లలో చాలామంది జాబితా దగ్గరే ఆగిపోయి దీన్ని వదిలేస్తారు.

అమెరికన్ సైకాలజిస్టు మార్విన్ జుకర్‌మన్ పని చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 1950లలో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో విద్యార్థులకి రోజుకి 20 డాలర్లిచ్చి, కళ్లకి మసక అద్దాలు, చేతులకి తొడుగులు పెట్టి, ఏ పనీ ఏ ధ్యాసా లేకుండా చిన్న గదిలో మంచం మీద పడుకోబెట్టే ప్రయోగం జరిగింది. పడుకుంటే డబ్బులు, ఇంతకన్నా హాయి ఏముంటుంది అనిపిస్తుంది కానీ చాలామంది రెండు మూడు రోజులకి మించి ఉండలేకపోయారు, లేని బొమ్మలు కనిపించడం మొదలైంది. తర్వాత ఇలాంటి ప్రయోగాలే చేసిన జుకర్‌మన్ 1964లో ఒక కొలబద్ద తయారుచేశారు. ఒక మనిషికి కొత్త అనుభూతుల కోసం, థ్రిల్ కోసం ఎంత తపన ఉందో కొలిచేది. దాంతో కొలిచి చూస్తే ఇలాంటి ఒంటరి గది ప్రయోగాలకీ, హిప్నాటిజానికీ, మందుల ప్రభావం చూసే ప్రయోగాలకీ ఎగబడేది ఆ తపన ఎక్కువ ఉన్నవాళ్లేనని తేలింది. మనిషి విసుగుని ఎంతసేపు తట్టుకుంటాడు అనే ప్రశ్నకి, విసుగంటే అస్సలు పడనివాళ్లు ముందు వరసలో నిలబడ్డారన్నమాట. ఆ గది భ్రమలు చూపిస్తుందట అన్న కబురు అప్పటికే బయట పాకి ఉంటే, వాళ్లని పిలిచింది 20 డాలర్లు కాదు, ఆ భ్రమలే. అదే మనుషులకి "ఓ యాభై పేజీల ప్రశ్నాపత్రం నింపాలి" అని ప్రకటన వేస్తే చాలామంది అటువైపు చూసేవాళ్లు కాదు.

దీనికి సంబంధించి బాగా ఖరీదైన పాఠం మాత్రం సెక్స్ పరిశోధనలోంచి వచ్చింది. ఇండియానా యూనివర్సిటీలో ఆల్ఫ్రెడ్ కిన్సీ మొదట కందిరీగల జాతికి చెందిన చిన్న పురుగుల మీద పనిచేసిన జంతుశాస్త్రవేత్త. లక్షల కొద్దీ పురుగులు సేకరించిన ఓపికతోనే వేలమంది మనుషుల్ని కూర్చోబెట్టి వాళ్ల లైంగిక జీవితం గురించి విడివిడిగా అడిగి, మగవాళ్ల మీద 1948లో, ఆడవాళ్ల మీద 1953లో రెండు పెద్ద పుస్తకాలు తెచ్చారు. అమెరికా ఉలిక్కిపడింది. బయటికి చెప్పుకోని పనులు ఇంతమంది చేస్తున్నారా అని.

అవసరాల మెట్ల సిద్ధాంతంతో మన బీఈడీ, ఎంబీఏ విద్యార్థులందరికీ తెలిసిన అబ్రహాం మాస్లో అప్పట్లో బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన అంతకుముందే ఆడవాళ్ల మీద చేసిన పనిలో ఒకటి గమనించాడు: తమ మీద తమకి నమ్మకం, ధీమా ఎక్కువ ఉన్నవాళ్లు లైంగిక విషయాల్లో కట్టుబాట్లని అంతగా పట్టించుకోరు, వాటి గురించి మాట్లాడడానికీ సిగ్గుపడరు. కాబట్టి కిన్సీ దగ్గరికి వెళ్లి తమ కథ చెప్పుకునేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువుంటారేమో అని ఆయనకి అనుమానం వచ్చింది. తన విద్యార్థుల్లో కిన్సీ ఇంటర్వ్యూలకి ఎవరెవరు వెళ్తారో అడిగి, వెళ్లినవాళ్ల ధీమా మార్కులనీ వెళ్లనివాళ్ల మార్కులనీ పక్కపక్కన పెట్టి చూశాడు. అనుమానం నిజమైంది. జేమ్స్ సకోడాతో కలిసి ఆ సంగతి 1952లో అచ్చు వేశాడు. కిన్సీ లెక్కల్లో మామూలు కట్టుబాట్లకి బయటున్న ప్రవర్తన ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉందని దానర్థం.

కిన్సీకి ఈ సమస్య తెలియకపోలేదు, దానికి ఆయన కనిపెట్టిన మందు కూడా గమ్మత్తైనదే. ఒక క్లబ్బునో, ఒక హాస్టల్నో పట్టుకుని, అందులో ఒక్కరు కూడా మిగలకుండా అందరినీ ఒప్పించి మాట్లాడడం. అలా నూటికి నూరుమందీ చెప్పిన గుంపుల్లో సిగ్గరులూ ఉంటారు, ధీమా మనుషులూ ఉంటారు కదా అన్నది ఆయన లెక్క. మొత్తం మీద పావు వంతు దాకా ఇలా సేకరించారు. మంచి ఆలోచనే. కాకపోతే ఏ క్లబ్బు ఒప్పుకుంటుంది, ఏ క్లబ్బు తలుపేస్తుంది అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది, పైగా తోటివాళ్లంతా చెప్పేశారు నువ్వొక్కడివే మిగిలావు అంటే ఆ ఒక్కడి ఒప్పుకోలు ఎంత స్వచ్ఛందం అన్నది ఇంకో ప్రశ్న. విలియం కాక్రన్, ఫ్రెడరిక్ మోస్టెలర్, జాన్ ట్యూకీ అనే ముగ్గురు పెద్ద గణాంక శాస్త్రవేత్తలు ఈ పనిని పరిశీలించి 1954లో ఇచ్చిన నివేదికలో కూడా ముఖ్యమైన ఫిర్యాదు ఇదే, మనుషుల్ని ఎంచుకున్న పద్ధతి.

ఇక విద్యార్థుల సంగతి. అమెరికా, యూరప్ యూనివర్సిటీల్లో సైకాలజీ మొదటి ఏడాది పిల్లలు ప్రయోగాల్లో పాల్గొంటే కోర్సులో కొన్ని మార్కులొస్తాయి, ఇష్టం లేకపోతే బదులుగా వేరే పని చెయ్యొచ్చు. మనుషుల గురించి మనకి తెలుసనుకున్నదాంట్లో పెద్ద భాగం ఈ పిల్లల మీద తేలిందే. సైకాలజీ అంటే కాలేజీ రెండో ఏడాది పిల్లల ప్రవర్తన గురించిన శాస్త్రమే అని క్విన్ మెక్‌నెమార్ అనే సైకాలజిస్టు 1946లోనే ఎత్తిపొడిచాడు. వీళ్లలో కూడా టర్ము మొదట్లో వచ్చేవాళ్లు వేరు, చివర్లో వచ్చేవాళ్లు వేరు. ప్రాక్టికల్ రికార్డు వారం వారం రాసి సంతకం పెట్టించుకునేవాళ్లూ, పరీక్షకి ముందు రోజు రాత్రి పక్కవాడి రికార్డు ముందు పెట్టుకుని దించేవాళ్లూ మనకి తెలిసినవాళ్లే, అక్కడా అంతే. మొదటి వారాల్లో వచ్చేవాళ్లలో క్రమశిక్షణ ఎక్కువ, ఆడపిల్లలు ఎక్కువ. గదికి వచ్చి మనిషి ఎదురుగా చెయ్యాల్సిన ప్రయోగాన్ని కలుపుగోలువాళ్లు ఎంచుకుంటే, ముడుచుకుపోయేవాళ్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసేదాన్ని ఎంచుకుంటారు. సెప్టెంబరులో ఒక పరిశోధకుడు, నవంబరులో ఇంకొకడు ఒకే ప్రయోగం చేసి వేరే ఫలితాలు తెచ్చుకుంటే, తేడా సిద్ధాంతంలో ఉందా క్యాలెండర్లో ఉందా?

ఈ ప్రశ్న మీద మాత్రం ఊరటనిచ్చే జవాబు ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద ఉమ్మడి అధ్యయనంలో ఇరవై చోట్ల విద్యార్థుల మీద ఒకే రకం ప్రయోగాలు టర్ము పొడుగునా చేసి చూశారు. క్రమశిక్షణలో తేడా కనిపించింది కానీ అది చిన్నది, ఆ తేడా వల్ల ప్రయోగాల ఫలితాలు పెద్దగా అటూ ఇటూ అవ్వలేదు. కాబట్టి ఏ ప్రయోగం విఫలమైనా "చివర్లో వచ్చిన బద్ధకస్తుల వల్లే" అని నెట్టేయడం కుదరదు.

అసలు కొన్ని ఫలితాలకి ఎవరొచ్చారన్నదానితో పనే లేదు. ఎరుపు అన్న మాటని నీలం సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటే ఎవరికైనా ఒక క్షణం నాలుక తడబడుతుంది. 1935లో జాన్ స్ట్రూప్ చూపించిన ఈ సంగతి చదవడం వచ్చిన దాదాపు ప్రతివాడి మీదా పనిచేస్తుంది, సిగ్గరి అయినా వాగుడుకాయ అయినా. చూపు, వినికిడి, జ్ఞాపకం లాంటివాటి దగ్గర వచ్చినవాడి స్వభావం పెద్ద అడ్డు కాదు. మనం కొలవాలనుకున్నదే మనిషిని గుమ్మం దాకా తెచ్చినప్పుడు, లేదా గుమ్మం దగ్గరే ఆపేసినప్పుడు అసలు చిక్కు. సిగ్గు మీద పరిశోధనకి బాగా సిగ్గున్నవాడు రాడు. నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్ల కోసం పెట్టిన చికిత్స పరీక్షకి, ఫోన్ చేసి పేరు చెప్పుకోగలిగినంత ధైర్యం ఉన్నవాళ్లే వస్తారు. ధ్యానం వల్ల ప్రశాంతత వస్తుందా అన్న పరీక్షకి, ధ్యానం మీద అప్పటికే నమ్మకం ఉన్నవాళ్లు ముందు పేరు రాయించుకుంటారు.

ఇందులో కంటికి కనిపించని ఇంకో చిక్కుంది. సగటు కాస్త ఎక్కువో తక్కువో రావడం ఒకటైతే, లేని సంబంధం పుట్టుకురావడం ఇంకొకటి. ఒక వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టారనుకుందాం. రెండు రకాలవాళ్లు దాన్ని నింపుతారు, బాగా తీరిక ఉన్నవాళ్లు, లేకపోతే అడిగిన పని చేసి తీరాలి అనుకునే పద్ధతి మనుషులు. లోకంలో తీరికకీ పద్ధతికీ ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. కానీ నింపినవాళ్లలో చూస్తే, తీరిక లేకుండా కూడా నింపినవాడు తప్పకుండా పద్ధతి మనిషే అయుంటాడు, పద్ధతి లేకుండా నింపినవాడికి తప్పకుండా తీరిక ఉండి ఉంటుంది. అంటే ఆ ఫారాల్లో తీరిక పెరిగేకొద్దీ పద్ధతి తగ్గుతున్నట్టు చక్కటి గీత కనిపిస్తుంది. "ఖాళీగా ఉంటే మనిషి పాడవుతాడు" అని పరిశోధన పేపరు కూడా రాసేయొచ్చు, పెద్దవాళ్లు తలలూపుతారు. ఆ గీత మనుషుల్లో లేదు, ఫారం నింపడం అనే జల్లెడలో ఉంది. ఆసుపత్రికి వచ్చిన రోగుల్ని మాత్రమే చూసి రెండు జబ్బులకి సంబంధం ఉందనుకోవడంలోని ఈ మోసాన్నే జోసెఫ్ బెర్క్‌సన్ 1946లో చూపించాడు.

మన దగ్గర ఎంఏ, పీహెచ్‌డీ చేసే విద్యార్థులు గ్రూపుల్లో "దయచేసి అయిదు నిమిషాలు కేటాయించండి, ఫ్రెండ్స్‌కి కూడా షేర్ చేయండి" అని పెట్టే ఫారాల పరిస్థితి ఇదే. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, గడువు దగ్గరపడుతుంటుంది, గైడు ఇన్ని శాంపిల్స్ కావాలంటారు. కానీ ఆ ఫారం సాగే దారి చూడండి. స్నేహితుడి నుంచి స్నేహితుడికి, ఇంగ్లిష్ చదవగలిగినవాళ్ల నుంచి అలాంటివాళ్లకే, అడిగితే కాదనలేనివాళ్ల నుంచి వాళ్లలాంటివాళ్లకి. గ్రూపు మ్యూట్‌లో పెట్టుకున్నవాడు అందులో ఎక్కడా ఉండడు.

డబ్బిచ్చి ఆన్‌లైన్లో మనుషుల్ని తెచ్చుకుంటే? అమెజాన్ 2005లో మొదలుపెట్టిన మెకానికల్ టర్క్ అనే చిల్లర పనుల వేదిక సైకాలజీ వాళ్లకి వరంలా దొరికింది, రాత్రికి రాత్రే వందల మంది దొరుకుతారు. అక్కడ పనిచేసేవాళ్లలో 2009 చివరికి మూడో వంతుకి పైగా మన దేశంవాళ్లే అని ఒక సర్వేలో తేలింది. కాలేజీ పిల్లల దగ్గరే ఆగిపోయిన శాస్త్రం మొత్తానికి బయటికొచ్చింది అనుకున్నారు. తర్వాత చూస్తే ఈ వేదిక మీదున్నవాళ్లు కూడా బయటి జనం లాంటివాళ్లు కాదు, కలుపుగోలుతనం తక్కువ, తమ మీద తమకి గౌరవం కాస్త తక్కువ అని పోల్చి చూసిన అధ్యయనాలు చెప్పాయి. ఒక జల్లెడ తీసి ఇంకో జల్లెడ పెట్టారంతే.

సంఖ్య పెంచితే సరిపోతుంది అనే ఆశ కూడా నిలవదు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య అధ్యయనం 2006 నుంచి 2010 దాకా 40 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లకి సుమారు 92 లక్షల ఉత్తరాలు పంపింది. వచ్చింది అయిదు లక్షల మంది, అంటే నూటికి అయిదున్నర. వచ్చినవాళ్లు రానివాళ్లకంటే ఆరోగ్యవంతులు, పొగ తక్కువ తాగేవాళ్లు, బాగున్న పేటల్లో ఉండేవాళ్లు. ఇంకా లోతుకి వెళ్తే, బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన పిల్లల్ని అప్పటినుంచీ వెంట నడుస్తూ చూస్తున్న అధ్యయనం ఒకటుంది. అందులో మధ్యలో జారిపోయినవాళ్లని చూస్తే, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే జన్యు ముప్పు ఎక్కువున్నవాళ్లు ఎక్కువగా జారిపోతున్నారని 2016లో తేలింది. జబ్బు వచ్చినవాళ్లని కాదు ఇక్కడ అంటున్నది, ముప్పు ఉన్నవాళ్లని. ఫారం నింపి తిరిగి పంపడం అనే చిన్న పనిలో కూడా ఒంట్లో ఉన్న జన్యువుల జాడ కనిపిస్తోంది.

మరి దారేంటి అంటే, పూర్తిగా తప్పించుకునే దారి లేదు, దానికి కారణం మనమే కోరుకున్న ఒక మంచి నియమం. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళి మొదటి వాక్యమే, మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోవడం తప్పనిసరి అని. మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనూ అంతే. ఒప్పుకున్నవాళ్ల మీదే చెయ్యాలి అన్నాక, ఒప్పుకునే స్వభావం ఉన్నవాళ్లే శాస్త్రంలోకి వస్తారు. స్వీడన్‌లో ఒకప్పుడు పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లల్లో దాదాపు అందరికీ సైన్యం తరపున తెలివి పరీక్ష, సైకాలజిస్టు ఇంటర్వ్యూ ఉండేవి. ఆ రికార్డులు పరిశోధకులకి బంగారు గని, ఎందుకంటే అక్కడ చెయ్యెత్తే ప్రసక్తే లేదు. అయితే అక్కడ కూడా సగం జనాభా, అంటే ఆడపిల్లలు, లేరు.

ప్రకటనలో విషయం చెప్పకుండా ఊరికే సైకాలజీ అధ్యయనం అని వేస్తే జైలు లాంటి మాటలకి ఎగబడేవాళ్లు తగ్గుతారు, కానీ గదిలోకొచ్చాక అసలు సంగతి వివరంగా చెప్పాలి కాబట్టి కొందరు అప్పుడు లేచిపోతారు. ఆ లేచిపోయినవాళ్లు ఎందరో రాసిపెట్టుకున్నా సగం మేలే, చాలా పేపర్లలో ఎందరిని అడిగారు, ఎందరు వద్దన్నారు అన్న లెక్కే కనిపించదు. డబ్బు పెంచితే ఆసక్తి లేనివాళ్లు కూడా వస్తారు, ఇది మంచిదే, కానీ మరీ పెంచితే కాదనలేని పేదవాడు వస్తాడు, అప్పుడది ఒప్పుకోలు ఎలా అవుతుంది అని ఎథిక్స్ కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా.

ఇంటింటికీ తిరిగి చేసే కొన్ని సర్వేల్లో ఒక చిన్న పద్ధతి వాడతారు. గంట సర్వేకి కుదరదు అన్న మనిషిని, పోనీ గుమ్మంలోనే ఒకటి రెండు ప్రశ్నలకి జవాబు చెప్పండి, వెళ్లిపోతాం అని అడుగుతారు. ఆ కాస్త జవాబుతో, వద్దన్నవాళ్లు సరే అన్నవాళ్లకి ఎంత దూరంలో ఉన్నారో అంచనా కడతారు. బయట ఎవరో సర్వేవాళ్లు వచ్చారని తెలిసి, టీవీ సౌండ్ తగ్గించి, తలుపు తియ్యకుండా కూర్చున్న ఇంటివాళ్ల గురించి మాత్రం ఈ పద్ధతి కూడా ఏమీ చెప్పలేదు.